క్రీము డబ్బా వెనకవైపు ఏం రాసి ఉంది?

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం. ముఖానికి రాసుకునే మాయిశ్చరైజర్‌ను దాని దినుసులను బట్టి ఎలా అంచనా వేయాలో చెప్పమని గ్రంథాలయ నిర్వాహకులు అడిగారు. నేను చర్మవైద్యురాలిని కాను. ఇరవై ఏళ్లుగా ఫార్మసీ విద్యార్థులకు క్రీములు, లేపనాలు తయారు చేయడం నేర్పిస్తున్నాను. నీళ్లు ఒక బీకరులో, నూనెలు, మైనాలు మరో బీకరులో పోసి, రెండింటినీ డెబ్బై డిగ్రీల దాకా వేడిచేసి, ఒకదానిలో మరొకటి పోస్తూ కలియబెడితే, చల్లారే కొద్దీ అది తెల్లటి క్రీముగా గట్టిపడటం రోజూ చూసే పని నాది. అందువల్ల అంగడిలో ఏ డబ్బా చేతికి తీసుకున్నా నా కన్ను ముందు వెనకవైపుకే పోతుంది. ముందువైపు ఉన్నది అమ్మేవారి మాట, వెనకవైపు ఉన్నది చట్టం బలవంతాన రాయించిన మాట. ఈ రెండో మాటను చదవడం ఎలాగో ఈ గంటలో మీకు చెప్పగలిగితే నేను వచ్చిన పని అయినట్లే.

పట్టికలోకి వెళ్లేముందు చర్మానికి అసలు ఏం కావాలో తెలియాలి. మన చర్మం పైపొరను స్ట్రాటం కార్నియం అంటారు. శరీరంలో చాలా చోట్ల దాని మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకే ఉంటుంది. దాన్ని ఇటుకల గోడతో పోల్చడం ఈ శాస్త్రంలో వాడుకగా వస్తోంది. చచ్చిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నంలా నిండి ఉన్నవి సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. లోపలి నీరు ఆవిరై పోకుండా ఆపేది ఈ గోడే. చలికాలంలో గోటితో గీస్తే ముంజేతి మీద తెల్లటి గీత పడుతుంది చూడండి, ఆ గీత పడిందంటే గోడలో నీటి పాలు తగ్గిందని అర్థం.

1952లో అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త ఒక సులువైన ప్రయోగం చేశాడు. అరికాలి నుంచి తీసిన ఎండిన, కాయ కాసిన గట్టి చర్మపు ముక్కలను కొన్నింటిని నూనెల్లో, కొన్నింటిని నీటిలో నానబెట్టాడు. నూనెలో ఎంతకాలం ఉంచినా ముక్క పెళుసుగానే ఉండిపోయింది, నీటిలో వేసినది మెత్తబడింది. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీరేనని, నూనె చేయగలిగింది ఆ నీటిని పోనివ్వకుండా కాపు కాయడమేనని ఆ ప్రయోగంతో తేలింది. డెబ్బై ఏళ్లు దాటినా మాయిశ్చరైజర్ల శాస్త్రం ఆ పునాది మీదే నిలబడి ఉంది. కాబట్టి ఏ క్రీమైనా మూడు పనుల్లో ఏదో ఒకటి, లేదా మూడూ చేయాలి. నీటిని పట్టి ఉంచే పని గ్లిజరిన్, యూరియా, లాక్టిక్ ఆమ్లపు లవణాలు వంటివి చేస్తాయి. ఇటుకల మధ్య పగుళ్లలో నిండి నునుపు చేసే పని నూనెలు, కొవ్వు ఆల్కహాళ్లు చేస్తాయి. పైన మూతలా పరచుకుని ఆవిరిని ఆపే పని పెట్రోలేటం అనే పెట్రోలియం జెల్లీ, మైనాలు, డైమెథికోన్ చేస్తాయి. పట్టికలో ఏ పేరు కనబడినా అది ఈ మూడింటిలో ఏ పనికి వచ్చిందని అడగండి. దేనికీ రాకపోతే, క్రీమును కలిపి ఉంచడానికో, పాడవకుండా నిలబెట్టడానికో, వాసన కోసమో, లేక డబ్బా మీద చెప్పుకోవడానికో వచ్చి ఉంటుంది.

ఇక చట్టం సంగతి. మన దేశంలో సౌందర్య సాధనాలకు 2020 కాస్మెటిక్స్ నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్న దినుసులను, తయారీలో కలిపేటప్పటి బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఈ రెండో వాక్యాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి, మనం చదవబోయే పట్టిక గుట్టంతా దానిలోనే ఉంది. ఇంకొక సంగతి కూడా ఉంది. 30 గ్రాముల లోపు క్రీములకు, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు ఈ పట్టిక రాయాలన్న నిబంధన వర్తించదు. పదిరూపాయల ప్యాకెట్టు మీద, చిన్న ట్యూబు మీద పట్టిక కనబడకపోవడానికి కారణం ఇదే. మన పల్లెల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి ఆ చిన్న ప్యాకెట్లే కాబట్టి, తెలుసుకోవలసిన అవసరం ఎక్కువగా ఉన్నవారికే ఆ వివరం అందకుండా పోతోందని నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఈ ట్యూబు చూడండి. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటివి అంగడిలో చాలా ఉన్నాయి. ముందువైపు కుంకుమపువ్వు బొమ్మ ఉంది, దాని కింద సెరమైడ్లు, హైలురోనిక్ ఆమ్లం అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. వెనకవైపు పట్టికను వరుసగా చదువుతాను. నీరు, గ్లిజరిన్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, నియాసినమైడ్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, గ్లిసరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్, ఫినాక్సీ ఇథనాల్, కార్బోమర్, క్రోకస్ సటైవస్ ఎక్స్‌ట్రాక్ట్, సెరమైడ్ ఎన్‌పీ, కొలెస్టరాల్, సోడియం హైలురోనేట్, పర్ఫ్యూమ్, లినలూల్.

ఇదే క్రీమును మా ప్రయోగశాలలో 100 గ్రాములు తయారు చేయమంటే నేను దాదాపు ఇలా తూస్తాను. నీరు 74 గ్రాములు, గ్లిజరిన్ 7, కొబ్బరి నూనె నుంచి వచ్చే ఆ ట్రైగ్లిజరైడ్ 6, నియాసినమైడ్ 4, సెటియరిల్ ఆల్కహాల్ 3, డైమెథికోన్ 2, నీటినీ నూనెనూ కలిపి ఉంచే ఆ రెండు స్టియరేట్లూ కలిసి 2 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇక్కడికే 98 గ్రాములు అయిపోయాయి. ఫినాక్సీ ఇథనాల్, దాని తర్వాత చదివిన పేర్లన్నీ మిగిలిన రెండు గ్రాముల్లో సర్దుకోవాలి. డబ్బా ముందువైపు బొమ్మగా వెలిగిపోతూ, పట్టికలో క్రోకస్ సటైవస్ అన్న పేరుతో ఉన్న కుంకుమపువ్వు ఆ రెండు గ్రాముల్లో ఒక చిన్న తునక. పైగా ఎక్స్‌ట్రాక్ట్ అన్నది కూడా చాలాసార్లు నీటిలోనో గ్లిజరిన్‌లోనో పలచబరిచిన ద్రవంగానే కంపెనీకి చేరుతుంది. మీరు ఏ క్రీముకు డబ్బు ఇస్తున్నారో నిర్ణయించేవి మొదటి అయిదారు పేర్లు. ఈ రోజు నేను ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క మాట చెప్పి వెళ్లాలనుకున్నాను.

పట్టికలో ఆ 1 శాతం హద్దును కనిపెట్టడం ఎలా? ఫినాక్సీ ఇథనాల్ క్రీము పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్. ఐరోపా నిబంధనల ప్రకారం అది 1 శాతం మించకూడదు. కాబట్టి పట్టికలో దాని తర్వాత కనిపించే పేర్లేవీ 1 శాతం దాటి ఉండవని నమ్మకంగా చెప్పవచ్చు. అయితే దానికి ముందున్నవన్నీ 1 శాతం కంటే ఎక్కువేనని మాత్రం అనుకోకూడదు. 1 శాతం లోపు వాటిని ఏ వరుసలోనైనా రాసుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి, వినడానికి బాగున్న పేరును ఫినాక్సీ ఇథనాల్‌కు ముందు, బాగోలేని పేరును చివరికి నెట్టడం నిబంధనకు లోబడే చేయవచ్చు.

తోక భాగంలో ఉన్నవన్నీ పనికిరానివని కూడా నేను అనడం లేదు. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్లాలి. పట్టికలో సోడియం హైలురోనేట్ అని ఉన్నది హైలురోనిక్ ఆమ్లపు లవణమే. ఆ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని ద్రవం నుంచి వేరుచేశారు. అది ఎంత చిక్కనిదంటే, నీటిలో 1 శాతం వేసినా గంజిలా జిగురుగా మారిపోతుంది. అందుకే ఏ క్రీములోనైనా అది తోకలోనే ఉంటుంది, ఉండాలి కూడా. పెద్ద అణువు కనుక చర్మం లోపలికి దిగదు, పైన పలచటి పొరగా నిలిచి కాసేపు నీటిని పట్టి ఉంచుతుంది. దాని గురించి ఇంతకు మించి ఆశించకూడదు. సెరమైడ్ల సంగతి వేరు. అవి మన గోడలో సహజంగా ఉన్నవే, తక్కువ మోతాదులోనూ పనికొస్తాయి. కానీ సెరమైడ్ ఒక్కటే వేస్తే చాలదని, సెరమైడ్, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లం మూడూ తగిన పాళ్లలో ఉంటేనే గోడ త్వరగా బాగుపడుతుందని 1990లలో పీటర్ ఇలియాస్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు చూపించాయి. అందువల్ల సెరమైడ్ పక్కన కొలెస్టరాల్ కనిపిస్తే నేను ఆ తయారీదారును కొంత గౌరవిస్తాను, మన ట్యూబులో అది ఉంది. నియాసినమైడ్ విటమిన్ బి3 రూపం. 2 నుంచి 5 శాతం మధ్య అది రక్షణపొరను బలపరుస్తుందని, మచ్చల రంగు తగ్గిస్తుందని చూపిన పరీక్షలు ఉన్నాయి. మన పట్టికలో అది నాలుగో పేరు కాబట్టి పనిచేసే మోతాదులోనే ఉండే అవకాశం ఉంది. అదే పేరు సువాసన పక్కన చివర్లో కనిపిస్తే దాని మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. అంటే ఒకే చోట ఉన్నా ఒక పేరు సార్థకం, మరొకటి అలంకారం కావచ్చు. ఏ దినుసు ఎంత మోతాదులో పనిచేస్తుందో తెలిస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

సెటియరిల్ ఆల్కహాల్ అని చదవగానే ఇక్కడ ఇద్దరు ముగ్గురి ముఖాలు మారడం చూశాను. ప్రతి ఏడాదీ మా తరగతిలోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఈ సీసాలో ఉన్నది అదే, దయచేసి ముందు వరుస వారు చేతిలోకి తీసుకుని చూడండి. కొవ్వొత్తిని తురిమినట్లు తెల్లటి రేకులుగా ఉంది కదా. వేళ్ల మధ్య నలిపితే చేతి వేడికి కాస్త జారుడుగా అవుతుంది, స్పిరిట్ వాసన రాదు, ఆవిరి కాదు. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అన్నది ఒక కుటుంబం పేరు. సెటైల్, స్టియరిల్, సెటియరిల్ అన్నవి ఆ కుటుంబంలో కొవ్వు జాతివి, చర్మాన్ని నునుపు చేస్తాయి. పొడి చర్మం ఉన్నవారు జాగ్రత్త పడవలసింది ఆల్కహాల్ డినాట్, ఇథనాల్ అన్న పేర్లు పట్టిక మొదట్లో కనిపించినప్పుడు. అవి రాసుకున్న వెంటనే చల్లగా, తేలిగ్గా అనిపిస్తాయి, కానీ రోజూ రాస్తే చర్మాన్ని ఎండబెడతాయి.

మన ఇళ్లల్లో ఎక్కువగా వాడే ఆయుర్వేద క్రీముల పట్టిక వేరే రకంగా ఉంటుంది. వాటిలో చాలావాటికి ఆయుర్వేద ఔషధంగా లైసెన్సు ఉంటుంది కాబట్టి, ఇన్ని గ్రాములలో కలబంద ఇంత, మంజిష్ఠ ఇంత, చందనం ఇంత అని మూలికల తూకం స్పష్టంగా రాస్తారు. అది మంచిదే, ఆ స్పష్టత మామూలు క్రీముల మీద ఉండదు. కానీ చివర్లో ‘క్రీము బేస్ తగినంత’ అన్న అర్థం వచ్చేలా ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నూటికి తొంభై పాళ్లు ఉండగల ఆ బేస్‌లో ఏ నూనె ఉందో, ఏ ప్రిజర్వేటివ్ ఉందో, ఏ సువాసన ఉందో మనకు తెలియదు. ఏదైనా దినుసు పడని చర్మం ఉన్నవారికి ఈ మౌనం ఇబ్బంది. ఆయుర్వేదం మీద నాకున్న గౌరవం వల్లనే, ఆ డబ్బాల మీద బేస్ వివరం కూడా పూర్తిగా రాయాలని నేను కోరుకుంటున్నాను.

ఇక ప్రిజర్వేటివ్‌ల భయం. నీరు ఉన్న ఏ పదార్థమైనా చెడిపోతుంది. పాల మీద మీగడ తీసి బయట ఉంచితే రెండో రోజుకు ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. క్రీము కూడా నీరు, కొవ్వు కలిసిన మీగడ లాంటిదే, పైగా రోజూ దానిలో మన వేళ్లు పెడతాం. ప్రిజర్వేటివ్ లేకుండా నీళ్లున్న క్రీము నెలల తరబడి నిలవడం జరిగే పని కాదు. పారాబెన్‌లు అనే ప్రిజర్వేటివ్‌ల మీద వచ్చిన భయానికి మూలం 2004లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక అధ్యయనం. 20 రొమ్ము కణితుల నమూనాలలో పారాబెన్‌లు కనిపించాయని అందులో రాశారు. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూడలేదు, కణితికి అవే కారణమని ఆ అధ్యయనం చూపనూ లేదు. ఆ తర్వాత ఐరోపా వారు ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్‌ల మోతాదును 0.14 శాతానికి కుదించారు, మిథైల్ పారాబెన్‌ను 0.4 శాతం వరకు కొనసాగనిచ్చారు. అలర్జీల విషయంలో పారాబెన్‌ల చరిత్ర ఎంత మంచిదంటే, 2019లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాటిని ఆ ఏటి ‘అలర్జీ కలిగించని’ పదార్థంగా ప్రకటించింది. మరోవైపు, పారాబెన్ లేదని చెప్పుకోవడానికి కొందరు తయారీదారులు వాటి స్థానంలో మిథైల్ ఐసోథయజొలినోన్ అనే పదార్థాన్ని వాడారు. అది ఎంతమందికి దద్దుర్లు తెప్పించిందంటే, అదే సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది, రాసుకుని అలా ఉంచేసే క్రీముల్లో దాని వాడకాన్ని ఐరోపా 2017 నుంచి నిషేధించింది. పారాబెన్ లేదన్న మాట చదివినప్పుడు, మరి దాని బదులు ఏం వేశారన్న ప్రశ్న వెంటనే రావాలి.

ముఖానికి రాసే క్రీములో నేను నిజంగా భయపడేది సువాసనకే. పర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్ అన్న ఒక్క పేరు వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు. ఐరోపాలో 26 సువాసన పదార్థాలను, రాసుకుని వదిలేసే క్రీములో 0.001 శాతం దాటితే విడివిడిగా పేర్లతో రాయాలన్న నియమం చాలాకాలంగా ఉంది, 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. మన ట్యూబు చివరన ఉన్న లినలూల్ అలాంటిదే, లావెండర్‌లో సహజంగా ఉంటుంది. గాలి తగిలి పాతబడినకొద్దీ అది చర్మానికి పడని పదార్థంగా మారుతుంది. మొక్క నుంచి వచ్చిందన్నంత మాత్రాన అలర్జీ రాదనుకోవడం పొరపాటు, నిమ్మ తొక్క నూనె, దాల్చినచెక్క నూనె చాలామంది చర్మాన్ని మండిస్తాయి. ఇప్పటికే మంట, దురద, ఎర్రదనం ఉన్న ముఖానికి సువాసన లేని క్రీమే ఎంచుకోండి. హైపోఅలర్జెనిక్ అన్న మాటను మాత్రం నమ్ముకోకండి. 1975లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ మాటకు ఒక ప్రమాణం పెట్టబోతే, కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, 1977లో కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. ఈ రోజుకూ అక్కడ ఆ మాటకు చట్టబద్ధమైన అర్థం లేదు.

పట్టిక చిన్నదైతే క్రీము మంచిదని కొందరి నమ్మకం. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. బ్రిటన్‌లో ఆక్వియస్ క్రీమ్ అని ఒక పాత క్రీము ఉంది. నీరు, పారాఫిన్‌లు, నీటినీ నూనెనూ కలిపి ఉంచే ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ అనే మైనం, ఒక ప్రిజర్వేటివ్, అంతే. సువాసన లేదు, రంగు లేదు, ధర చాలా తక్కువ. పొడి చర్మానికి, ఎగ్జిమాకు దశాబ్దాల పాటు వైద్యులే రాసి ఇచ్చారు. కానీ ఆ వ్యాక్స్‌లో సోడియం లారైల్ సల్ఫేట్ ఉంది, అంటే సబ్బులా నురగ తెప్పించి మురికిని వదిలించే పదార్థం, క్రీము మొత్తంలో దాదాపు 1 శాతం. 2010లో బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కొందరి ముంజేతుల మీద ఆ క్రీమును నాలుగు వారాలు రోజూ రాయించి కొలిస్తే, చర్మం పైపొర సగటున 12 శాతం పలచబడింది, దానిలోంచి నీరు పోవడం పెరిగింది. నీటిని ఆపడానికి రాసిన క్రీమే నీటిని పోనిచ్చింది. 2013లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ, ముఖ్యంగా పిల్లల విషయంలో, దీని గురించి హెచ్చరిక జారీ చేసింది. పట్టికలో ఎన్ని పేర్లున్నాయని లెక్కపెట్టడం కంటే ఆ పేర్లలో ఏది ఎంతసేపు చర్మం మీద ఉండబోతోందని చూడటం ముఖ్యమని ఈ సంగతి నాకు నేర్పింది. కడిగేసే షాంపూలో ఫరవాలేని పదార్థం రాత్రంతా ముఖం మీద ఉంచుకునే క్రీములో ఫరవాలేదని చెప్పలేం.

క్రీములెందుకు, మన నూనెలు లేవా అని అడిగేవారు ప్రతి సభలోనూ ఉంటారు, అది న్యాయమైన ప్రశ్న. పసిబిడ్డకు నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన చేతులు ఈ సభలో చాలా ఉన్నాయి. కానీ నూనెలన్నీ ఒకటి కావు. లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె గోడకు సాయం చేస్తుంది, ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె గోడలోని కొవ్వును చెదరగొడుతుంది. 2013లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు పెద్దవారి ముంజేతుల మీద పరీక్షించినప్పుడు, ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆలివ్ నూనె రక్షణపొరను బలహీనపరిచింది, లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న పొద్దుతిరుగుడు నూనె దాన్ని చెడగొట్టలేదు. అంతకంటే ముందు, 2005లో బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని వైద్యులు ప్రకటించారు. ఇంట్లో పోపుకు వాడే నూనెకు అంత పని చేసే శక్తి ఉందని చదివిన రోజు నేను చాలాసేపు ఆ కాగితం ముందే కూర్చుండిపోయాను. నువ్వుల నూనెలో ఈ రెండు ఆమ్లాలూ దాదాపు సమానంగా ఉంటాయి. కొబ్బరి నూనె ఒంటికి మంచిదే, మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం నేను సిఫార్సు చేయను. చలికాలంలో పెదాలకు, మడమలకు రాసే పెట్రోలియం జెల్లీని తక్కువ చూపు చూడకండి. రాబర్ట్ చీస్‌బ్రో 1872లో పేటెంటు పొందిన ఆ పదార్థం చర్మం నుంచి పోయే నీటిని 98 శాతం వరకు ఆపగలదని, ఖనిజ తైలం 20 నుంచి 30 శాతమే ఆపుతుందని చర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ముఖానికి జిడ్డుగా ఉంటుంది, అదొక్కటే దానితో ఇబ్బంది.

ముఖం మీది చర్మరంధ్రాలు మూసుకుపోతాయంటూ దినుసులకు సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేసిన పట్టికలు చూసి భయపడనక్కరలేదు. అవి చాలావరకు కుందేళ్ల చెవుల మీద చేసిన పాత పరీక్షల నుంచి వచ్చాయి, కుందేలు చెవి మనిషి ముఖం కంటే చాలా సున్నితం. విడిగా పరీక్షించిన దినుసుకు వచ్చిన మార్కు, అది 2 శాతం కలిసిన క్రీముకు వర్తించదు.

ఇప్పటివరకు చెప్పినదంతా పట్టికలో రాసిన దాని గురించి. రాయని దాని గురించి చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను. మా చెల్లెలు పెళ్లికి మూడు నెలల ముందు ఒక పార్లర్‌లో ఇచ్చిన క్రీము వాడింది. పేరు లేని చిన్న ప్లాస్టిక్ డబ్బా, లేత పసుపు రంగు. పది రోజుల్లో ముఖం మెరిసిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. పెళ్లయిన రెండో వారంలో క్రీము అయిపోతే రాయడం మానేసింది. నాలుగో రోజుకు బుగ్గలు ఎర్రగా వాచి, ఎండలోకి వెళ్తే నిప్పు పెట్టినట్లు మండటం మొదలైంది. చర్మవైద్యురాలు చూడగానే అది స్టిరాయిడ్ పని అని చెప్పారు. మామూలు స్థితికి రావడానికి ఏడాది పైనే పట్టింది. క్రీముల తయారీ నేర్పే అక్క ఇంట్లో ఉండి కూడా ఆ డబ్బాను తిప్పి చూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మందుల దుకాణంలో దొరికే కొన్ని ట్యూబుల మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు ఉంటాయి. అవి స్టిరాయిడ్లు, మాయిశ్చరైజర్లు కావు, వైద్యుల చీటీ లేకుండా ముఖానికి రాయకూడదు. ఇలాంటి పైపూత స్టిరాయిడ్లు విచ్చలవిడిగా అమ్ముడవుతున్నాయని చర్మవైద్యులు గట్టిగా ఆందోళన చెప్పిన తర్వాత, 2018లో కేంద్ర ప్రభుత్వం వాటిని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇక పాదరసం, కొందరు చర్మాన్ని తెల్లబరచడానికి క్రీముల్లో కలిపేది, మూత్రపిండాలను చెడగొట్టేది. మన నియమాల ప్రకారం కళ్ల దగ్గర వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో పొరపాటున కలిసే పాదరసం కూడా పది లక్షల పాళ్లలో ఒక పాలు దాటకూడదు. అయినా కేరళలోని మలప్పురంలో కొన్నేళ్ల క్రితం ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చినవారిలో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడినవారేనని వైద్యులు గుర్తించారు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, వీటిలో ఏది లేకపోయినా ఆ డబ్బాను ఇంటికి తీసుకుపోకండి. పది రోజుల్లో రంగు మార్చేస్తానన్న క్రీము ఏదైనా, అందులో ఏం ఉందో అనుమానించడానికి ఆ మాటే చాలు.

పట్టిక చదివి ఒక క్రీమును ఎంచుకున్నాక కూడా అది మీ చర్మానికి పడుతుందో లేదో కాగితం చెప్పలేదు. విశాఖపట్నంలో ఉక్కపోతకు హాయిగా ఉన్న జెల్ ఆదిలాబాద్‌లో డిసెంబరు ఉదయానికి చాలదు, అక్కడ డైమెథికోన్, పెట్రోలేటం వంటి మూత దినుసు మొదటి అయిదారు పేర్లలో ఉండాలి. స్నానం తర్వాత ఒళ్లు కాస్త తడిగా ఉండగానే రాసుకుంటే, ఆ తడిని పట్టి ఉంచడానికే గ్లిజరిన్ పనిచేస్తుంది. కొత్త క్రీమును తెచ్చిన రోజే ముఖానికి రాయకండి. మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాయండి. ఎర్రదనం, దురద, చిన్న పొక్కులు వస్తే ఆపేయండి, పట్టికను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. రెండో క్రీము కూడా పడకపోతే ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న పేర్లను గుర్తించి, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాటిని చూపించండి. డబ్బా తెరిచిన తేదీని దాని అడుగున పెన్నుతో రాసుకోండి. తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 12ఎమ్ అని ఉంటే, ఆ తేదీ నుంచి పన్నెండు నెలలే వాడాలని అర్థం.

మీరు వచ్చేటప్పుడు ఇంట్లో వాడే క్రీములు వెంట తెమ్మని నిర్వాహకులు చెప్పారట, చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. భూతద్దాలు ఈ బల్ల మీద ఉన్నాయి, అక్షరాలు చిన్నవి కాబట్టి అవసరం పడుతుంది. ఒక్కొక్కరే రండి, వెనకవైపు కలిసి చదువుదాం.